అద్దం కింద అసలు

కందుకూరు, పామూరు రోడ్డు.
మీరావలి జిరాక్స్, లామినేషన్.
కాపీ రెండు రూపాయలు, రెండు పక్కలా అయితే మూడు.

ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడు
నా మిషనుకు జ్వరమొస్తుంది.
పెనం మీది దోసెల్లా దిగుతుంటాయి మార్కుల మెమోలు,
పిల్లలు వేలి కొసల్తో అందుకుని ఊదుకుంటారు.
ఎవరికెన్నొచ్చినయ్యో వాళ్ళ నాయన కంటే ముందు నాకు తెలుసు.
చెప్పను. అది నా వృత్తిధర్మం.

జిల్లా గడి దగ్గర పెన్ను ఆగుద్ది.
"మీరావలన్నా, నెల్లూరని రాయాలా, ప్రకాశమని రాయాలా?"
మా నాయన పుట్టినప్పుడిది నెల్లూరు,
నేను పుట్టేసరికి ప్రకాశం,
మళ్ళీ నెల్లూరన్నారు, మళ్ళీ ఏదో అంటుండారు.
మేం మాత్రం ఆ వీధిలోనే, ఆ కుళాయి దగ్గరే ఉన్నాం.
"ముందు పెన్సిల్తో రాసుకోరా" అంటాను.

నా షట్టరు పక్క గోడ మీదా పెన్సిలు గీతలే.
మాలకొండయ్యవి.
కానిస్టేబులుకు నూట అరవై ఏడు పాయింటు ఆరు కావాలి,
వాడు నూట అరవై ఆరు దగ్గర ఆగిపోయాడు.
శుక్రవారం శుక్రవారం చెప్పులిప్పి నిలబడతాడు.
"ఇంకో గీత కొట్టన్నా, కాస్త పైన."
నేనూ మనిషినే,
ఒకసారి కొట్టాను.

ఆ సాయంత్రం పలుకూరు నుంచి సువార్త వచ్చింది.
బైపీసీ, ఎనిమిది వందల డెబ్భై ఒకటి.
తడ దగ్గర ఫోన్ల కంపెనీలో ఆడపిల్లల్ని తీసుకుంటారంట,
హాస్టలు వాళ్ళదే, బస్సు వాళ్ళదే,
చదువుకోవాలంటే రాత్రిపూట డిగ్రీ కూడానంట.
ఆ 'కూడానంట' దగ్గర గొంతు కాస్త తగ్గింది.

పేరు నింపింది. పుట్టిన తేదీ నింపింది.
అనుభవం అనే గడి దగ్గర
పెన్ను మూతి కొరుకుతా కూర్చుంది.
"ఏమీ లేదని రాయి" అన్నాను
ఇంకొకడి ఆధార్ కార్డు తిరగేస్తా.
"ఉండాది కదన్నా" అంది.
"పొగాకు గ్రేడింగు. ఆరేళ్ళు.
కరెంటు పోయినా ఆపను,
వేలితో తడిమితే చాలు, ఏ ఆకు ఏ బేలుకో తెలిసిపోద్ది.
మా మేస్త్రీ వేలంపాటకు ముందు
నా కట్టలు మాత్రం విప్పి చూడడు."

నేను లెక్కేశాను.
పద్దెనిమిదిలోంచి ఆరు తీస్తే పన్నెండు.
"అమ్మా, అది రాయబాక.
పన్నెండేళ్ళప్పుడు పనిచేశానని రాస్తే
అది అనుభవం కాదు, కేసు."

ఆ పిల్ల తన చేతివేళ్ళు చూసుకుంది.
పొగాకు జిగురు గోళ్ళ అంచుల్లో ఇంకా నల్లగా ఉంది,
సబ్బుకు పోదు, కిరసనాయిలుకు సగం పోద్ది.
తర్వాత గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో
'లేదు' అని రాసింది.

రేపు అక్కడెవరో
వేలి గోరంత ముక్కలు గుప్పెడు ముందు పోసి
మంచివేవి, చెడ్డవేవి, ఏరమంటారు.
ఇంత త్వరగా ఎట్లా నేర్చుకుందని ఆశ్చర్యపోతారు.
పోనీ, పోరు. నాకేం తెలుసు.
నేను పదో తరగతి తప్పి ఈ మిషను కొన్నవాణ్ణి.

పదిహేను రూపాయలిచ్చి వెళ్ళింది. ఒక రూపాయి ఎక్కువ.

రాత్రి పదింటికి మూత ఎత్తి అద్దం తుడవబోతే
దాని మీద బోర్లా పడుకునుంది
దార్ల సువార్త, మార్కుల మెమో, అసలుది.
ఇదీ రోజూ ఉండేదే.
కాపీలు లెక్కపెట్టుకుని పట్టుకుపోతారు,
అసలును అద్దం కింద మర్చిపోతారు.
మామూలుగా సొరుగులో వేస్తాను,
మర్నాడు ఏడుపు మొహంతో వాళ్ళే వస్తారు.

నెల్లూరు బస్సు తెల్లారుజామున నాలుగూ నలభైకి.
షట్టరు దించి, మెమోను చొక్కా లోపల పెట్టుకుని
అలారం పెట్టుకున్నాను.
మళ్ళీ లేచి, దీపమేసి,
దాన్ని ప్లాస్టిక్ కవర్లోకి మార్చాను.
నాకు చెమట ఎక్కువ.